ఎవరూ వద్దనలేదు

రవీంద్రనాథ ఠాకూరు 1892లో రాసిన ‘కాబూలీవాలా’ కథను బడిలో పిల్లలకు చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమైపోయేది. కలకత్తా వీధుల్లో కిస్మిస్‌లు, బాదం పప్పులు అమ్ముకునే ఆ పొడుగాటి మనిషి, తన బిడ్డ చేతి ముద్ర ఉన్న కాగితాన్ని గుండెల దగ్గర దాచుకున్నాడన్న చోటికి వచ్చేసరికి నా గొంతు కూడా ఒకింత పట్టేది. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, “సార్, ఆ పిల్లకు అమ్మ లేదా?” అని అడిగింది. ఉండే ఉంటుంది. కాని కథలో ఆమె కనిపించదు. ఏళ్ళ తరబడి మగడు పరదేశంలో తిరుగుతూ ఉంటే, కొండల నడుమ ఆ ఇంటిని నిలబెట్టింది ఎవరు, బిడ్డను పెంచింది ఎవరు అన్న ప్రశ్న ఆ పిల్ల వేసేంతవరకు ఏ తరగతిలోనూ రాలేదు.

మా ప్రాంతపు వృద్ధులకు ఆఫ్ఘను అంటే రోహిలా. నిజాం కాలంలో హెచ్చు వడ్డీకి అప్పులిచ్చి, బాకీ వసూలు కాకపోతే గుమ్మం ముందు కూర్చునే మనిషి. ఆ తరువాతి తరానికి ఆఫ్ఘను అంటే తుపాకి. ఇక ఆఫ్ఘను స్త్రీ అంటే పత్రికలలో కనిపించే నీలిరంగు ముసుగు. ఆ ముసుగులో మనిషి ఉన్నదనే గుర్తు తప్ప మాట వినపడదు. నాకు ఆ మాట వినపడింది వార్తలలో కాదు, ఛందస్సులో. తెలుగు పండితుడికి అంతకంటె తగిన దారి మరొకటి ఉండదు కదా!

పష్తో భాషలో ‘లండై’ అనే పద్యరూపం ఒకటి ఉన్నది. రెండే పాదాలు. మొదటి పాదంలో తొమ్మిది అక్షరాలు, రెండవ పాదంలో పదమూడు. మొత్తం ఇరవై రెండు. చివర ‘మ’ కారమో ‘న’ కారమో వస్తుంది. మన ద్విపదలో రెండు పాదాలూ సమానంగా నడుస్తాయి. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, యతి, ప్రాస, అదొక కుదురైన నడక. లండైలో మొదటి పాదం పొట్టి, రెండవది పొడుగు. చిన్నగా మొదలై చివరకు వచ్చేసరికి చురుక్కుమంటుంది. ‘లండై’ అనే మాటకు విషమున్న పొట్టి పాము అని కూడా అర్థమున్నదట. పేరు పెట్టినవాళ్ళెవరో గాని, లక్షణం తెలిసే పెట్టారు.

వీటిలో చాలా భాగం స్త్రీలు కట్టినవే. బావి దగ్గర, పెళ్ళిళ్ళలో, ఆడవాళ్ళు చేరిన చోటల్లా పుట్టి నోటి నుండి నోటికి పాకినవి. ప్రేమ, విరహం, దుఃఖం, యుద్ధం, పుట్టిన నేల ఇందులోని విషయాలు. ముసలివాడికి కట్టబెట్టిన తండ్రిమీద ఎత్తిపొడుపు, పక్కలో పడుకున్న మగడిమీద వెక్కిరింత కూడా ఉంటాయి. కాబూలు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ వీటిని సేకరించాడు. శరణార్థిగా పెషావరులో ఉంటూ 1988 ఫిబ్రవరిలో హత్యకు గురైనాడు. లండైకి కర్త పేరు ఉండదు. ఆ లేకపోవడమే ఆడదానికి రక్ష. “ఎవరో పాడారు, నేను విన్నాను” అంటే చాలు, ఏ మామగారూ నేరం మోపలేడు.

ఇది చదువుతున్నప్పుడు నాకు పానగల్లు చెరువు గట్టు గుర్తుకు వచ్చింది.

నల్లగొండకు ఆనుకొని ఉన్న పానగల్లు కందూరు చోడుల నాటి ఊరు. పచ్చల సోమేశ్వరాలయం, పగలంతా లింగంమీద నీడ కదలకుండా నిలిచే ఛాయా సోమేశ్వరాలయం చూడడానికి దూరదేశాల వారు వస్తారు. ఉదయసముద్రమనే పెద్ద చెరువు ఇప్పుడు కృష్ణ నీళ్ళతో నిండుతున్నది. శాసనాలలో రాజులున్నారు, రాణులున్నారు, దానాలున్నాయి. ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి ఏమనుకున్నదో ఏ శాసనమూ చెప్పదు. అది తెలుసుకోవాలంటే భాద్రపద బహుళ అమావాస్యనాడు, మావాళ్ళు పెత్రమాస అనేనాడు మొదలయ్యే బతుకమ్మ పాటలు వినాలి. తంగేడు, గునుగు, కట్ల, బంతి పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతూ ఒకామె అందిస్తుంటే మిగిలినవారు ‘ఉయ్యాలో’ అని ఎత్తుకుంటారు. అత్తగారిళ్ళ నుండి ఆడపిల్లలు పుట్టిళ్ళకు వచ్చే పండుగ ఇది. 2014లో రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు పెద్ద పెట్టెలలో నుండి వచ్చే పాట ఊరంతా అదరగొడుతున్నది గాని, గట్టుమీద ఒక మూలన ముసలమ్మలు తమ పాట తాము పాడుకుంటూనే ఉంటారు. నేను వెళ్ళి నిలబడేది ఆ మూలనే.

అక్కడ తప్పక వినవచ్చే పాట ‘కలవారి కోడలు’. తెలంగాణంలో పుట్టిపెరిగినవారికి పరిచయం చేయనక్కరలేదు. ఇతరుల కోసం కథ చెబుతాను. సంపన్నుల ఇంటి కోడలు కామాక్షి పప్పు కడుగుతూ ఉంటుంది. పుట్టింటినుండి అన్న వస్తాడు. కాళ్ళకు నీళ్ళిచ్చిన చెల్లెలి కళ్ళలో నీళ్ళు చూసి, మన ఊరికి పోయివద్దాం రమ్మంటాడు. ఆమె వెళ్ళి మామగారిని అడుగుతుంది. నాకు తెలియదు, మీ అత్తను అడగమంటాడు. అత్త బావను అడగమంటుంది. బావ తోడికోడలిని అడగమంటాడు. ఆమె మగడిని అడగమంటుంది. చివరకు మగడు, చీర కట్టుకొని నగలు పెట్టుకొని సుఖంగా వెళ్ళిరమ్మంటాడు.

దీనిని పెద్దలు ఉమ్మడి కుటుంబపు మర్యాదకు, కోడలి వినయానికి ఉదాహరణగా చూపిస్తారు. నాకు మాత్రం వినగా వినగా వేరొక సంగతి కనిపించింది. ఆ పాటలో ఎవరూ వద్దనరు. మామ వద్దనలేదు, అత్త వద్దనలేదు. అయినా మనిషి గడప దాటలేదు. ఆపిన చెయ్యి ఎవరిదో చూపించమంటే చూపించలేము. ఒకరు కాదంటే వారితో తగవు పడవచ్చు, వారిమీద అలగవచ్చు, ఊళ్ళో పెద్దమనిషి దగ్గరకు పోవచ్చు. “నాకేం తెలుసు, ఆమెనడుగు” అన్నవాళ్ళతో తగవెట్లా పడడం? కుటుంబంలో అధికారం నడిచే తీరును ఇంత సూటిగా చెప్పిన రచన నేను చదివిన ప్రబంధాలలో లేదు. చెప్పినవారు అక్షరం రాని ఆడవాళ్ళు.

ఇది పాటలోని మాటే కాదు. 1996లో ఆ చుట్టుపక్కల ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. ఒక రైతు కుటుంబపు పిల్ల పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. నల్లగొండకు రోజూ బస్సులో పోయి ఇంటర్మీడియెట్ చదవాలని ఆశ. నన్ను ఒకసారి ఇంట్లో అడగమని కోరింది. వెళ్ళాను. తండ్రి మర్యాదగా మంచం వాల్చి, “నాదేమున్నది సారూ, మా అమ్మ మాట మీద నడుస్తది ఇల్లు. ఆమెనడుగుండ్రి” అన్నాడు. నాయనమ్మ తమలపాకులు నములుతూ, “ముసలిదాన్ని, నన్నడుగుతవేంది పంతులూ? పెద్దోడున్నడు, వాన్నడుగు” అన్నది. పెద్దనాయన పొలం దగ్గర దొరికాడు. “ఆడపిల్ల ముచ్చట, తల్లికి తెల్వాలె సారూ, మనకేం తెలుస్తది” అన్నాడు. తల్లి వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ తల ఎత్తకుండానే, “నన్నెవలడుగుతరు సారూ” అన్నది. సాయంత్రమైంది. నేను ఇంటికి వచ్చేశాను. నలుగురినీ కలిశాను, నలుగురూ మజ్జిగ ఇచ్చారు, ఎవరూ వద్దనలేదు.

పది రోజులకు ఆ పిల్ల టిక్కెట్టు పట్టుకొని బస్సులో కనిపించింది. నేను ఆశ్చర్యపోయి అడిగితే నవ్వి, “మా అమ్మ అడిగింది సార్” అన్నది. ఎట్లా అడిగిందో తరువాత ఆ తల్లే చెప్పింది. రాత్రి అత్తకు కాళ్ళు పిసుకుతూ, “పెద్దబావ సరేనన్నడట అత్తా, నువ్వేమంటవోనని ఆగిండట” అన్నదట. తెల్లవారి బావకు సద్దికట్టు అందిస్తూ, “అత్త పోనియ్యమన్నది, నీదే ఆలిశం” అన్నదట. మగడితో, “మీ అమ్మ, మీ అన్న ఒప్పుకున్నంక నువ్వు కాదంటే బాగుండదు” అన్నదట. ఎవరూ కాదనలేదు కనుక ఎవరి అవునునైనా ఆమె వేరొకరి దగ్గరకు మోసుకుపోగలిగింది. తనను కట్టిపడేసిన తాడునే మెట్లుగా వేసుకొని ఎక్కింది. ఆమె వేలిముద్ర మనిషి. ఆ పిల్ల తరువాత నర్సు చదువు చదివి ఉద్యోగం చేసుకుంటున్నది.

నేను ఈ తల్లిని తలచుకోకుండా హెరాత్ కుట్టుబడి గురించి చదవలేకపోయాను. 1996 నుండి 2001 వరకు మొదటి తాలిబాన్ పాలనలో ఆడపిల్లల బడులు మూతపడ్డాయి. పడమటి ఆఫ్ఘనిస్తానంలోని హెరాత్ నగరంలో ‘బంగారు సూది కుట్టుబడి’ అని ఒకటి నడిచింది. ఆడవాళ్ళు కుట్టుపని నేర్చుకోవడానికి తాలిబాన్ అభ్యంతరం చెప్పలేదు. సంచిలో పైన గుడ్డలు, కత్తెర. అడుగున పుస్తకాలు, కలం. హెరాత్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ముహమ్మద్ అలీ రహ్యాబ్ తన ఇంటిలో వారికి సాహిత్యం చెప్పేవాడు. బయట పిల్లలు ఆడుకుంటున్నట్లుగా కాపలా ఉండేవారు. దొరకని అనుమతిని అడిగి భంగపడడంకంటె, దొరికే అనుమతి ఏదో కనిపెట్టి దానిని అడగడమే నేర్పు. మా ఊరి తల్లికీ హెరాత్ స్త్రీలకూ ఈ విద్య ఏ గురువు దగ్గరా రాలేదు.

ఆ కుట్టుబడిలో కూర్చున్న ఒక అమ్మాయి నదియా అంజుమన్. 2001లో తాలిబాన్ కూలిన తరువాత విశ్వవిద్యాలయంలో చేరి సాహిత్యం చదివింది. ఆమె పారశీక కవితల సంపుటి ‘గుల్-ఎ-దూదీ’ 2005లో వచ్చింది. భర్త కూడా సాహిత్యం చదువుకున్నవాడే. ఆ సంవత్సరం నవంబరులో రంజాను పండుగ. పండుగపూట తనవాళ్ళ ఇంటికి వెళ్ళివస్తానని ఆమె అడగడం దగ్గర గొడవ మొదలైందని అప్పటి కథనాలు చెబుతున్నాయి. ఆ రాత్రి దెబ్బలు తిన్నది, ప్రాణం పోయింది. కొట్టిన మాట భర్త ఒప్పుకున్నాడు గాని, చావుకు కారణం వేరన్నాడు. కొంతకాలానికి విడుదలయ్యాడు. ఆమెకు ఇంకా ఇరవై అయిదేళ్ళు నిండలేదు. చంకలో నెలల బిడ్డ.

పండుగనాడు పుట్టింటివారిని చూసివస్తాననడం, మగడిని అడగడం. కామాక్షి అడిగినదీ అదే. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూసిన తరువాత ‘కలవారి కోడలు’ పాట నాకు మునుపటివలె వినపడడం లేదు. మగడు సుఖంగా వెళ్ళిరమ్మన్న చోట పాట ముగుస్తుంది కనుక అది పండుగ పాట అయింది. అనని ఇళ్ళు ఎన్ని లేవు! ఆ ఇళ్ళ కోడళ్ళు కూడా అదే పాట పాడుతూ చెరువు గట్టున తిరిగారు, తిరుగుతున్నారు.

2005 నాటికి కాబూలులో తాలిబాన్ లేదు. 2004లో వచ్చిన కొత్త రాజ్యాంగం స్త్రీపురుషులకు సమాన హక్కులన్నది. 2009లో స్త్రీలపై హింసను అరికట్టే చట్టం కూడా ఒక శాసనంగా వచ్చింది. బాల్య వివాహాలు, తగవు తీర్చుకోవడానికి ఆడపిల్లను శత్రువుల ఇంటికి ఇచ్చే ‘బాద్’ ఆచారం అందులో నేరాలైనాయి. చట్టం గుమ్మం దాకానే వచ్చిందనుకుంటాను. లోపల ‘వల్వర్’ ఉన్నది, అంటే వరుడి పక్షం వధువు తండ్రికి ఇచ్చే సొమ్ము. గురజాడవారి నాటకం తెలిసిన మనకు దీనిని వివరించవలసిన పని లేదు. విధవరాలిని మరిదికో బావకో కట్టబెట్టే ఆచారమున్నది. యుద్ధాలు నలభయ్యేళ్ళు నడిచిన దేశంలో విధవరాళ్ళెందరో ఊహించుకోవలసిందే. వాళ్ళను చూసి అయ్యో అనుకోబోయే ముందు, మా దేవరకొండ ప్రాంతపు తండాలలో పసికందులైన ఆడపిల్లల అమ్మకాలు పాతికేళ్ళ క్రితం పత్రికల కెక్కిన సంగతి నాకు జ్ఞాపకమున్నది.

ఒకమాట పక్కకు పోయి చెప్పాలి. ఆఫ్ఘను స్త్రీల ‘సహనం’ గురించి గొప్పగా రాసేవారు చాలామంది ఉన్నారు. మన సాహిత్యంలో ఆ గాంధార ప్రాంతపు ఆడపడుచు ఒకతె ఉన్నది. మగడికి చూపు లేదని కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారిని పతివ్రతాశిరోమణి అని వేదికలమీద కీర్తిస్తారు. యుద్ధం ముగిసిన తరువాత స్త్రీపర్వంలో ఆమె నోరు తెరిచి కృష్ణుడంతటివాడిని నిలదీసి శపించిన సంగతిని అంత ఇష్టంగా ఎవరూ ఎత్తుకోరు. తిక్కన సోమయాజి ఆ ఘట్టాన్ని దాటవేయలేదు, మనమే దాటవేస్తున్నాము. ఓర్పును పొగిడేవారికి ఆ ఓర్పువల్ల ఏదో సౌకర్యమున్నదని నా అనుమానం.

మా జిల్లాలోనే ఉయ్యాల పాట వేరొక పనికి వచ్చిన రోజులున్నాయి. కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు సాయుధ పోరాట కాలంలో ఊరూరా తిరిగి ఉయ్యాల బాణీలో పోరాటం పాటలు పాడి ఆడవాళ్ళను కూడగట్టారు. దళంలో తుపాకి పట్టిన ఆడవాళ్ళకు 1951లో పోరాటం విరమించిన తరువాత ఇళ్ళకు వెళ్ళండన్న మాటే మిగిలింది. ఆ మాటలోని చేదు ఎంతటిదో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే తెలుస్తుంది. అడవిలో ఎవరి అనుమతీ అడగని మనిషి, ఇంటికి వచ్చి మళ్ళీ అడగవలసి వచ్చింది. స్వరాజ్యం గారు తుంగతుర్తినుండి రెండుసార్లు శాసనసభకు వెళ్ళారు, 2022లో కన్నుమూశారు. అందరికీ శాసనసభ దొరకలేదు కదా.

మళ్ళీ లండై దగ్గరకు వస్తాను. కాబూలులో ‘మీర్మన్ బహీర్’ అనే స్త్రీల సాహిత్య సంఘం ఉండేది. ఊళ్ళలోని అమ్మాయిలు ఇల్లు కదలలేరు కనుక ఇంట్లోవాళ్ళ కంట పడకుండా ఫోనులో తమ కవితలు వినిపించేవారు. నగరంలోని స్త్రీలు రాసుకొని, తప్పులు దిద్ది, సభలో చదివేవారు. హెల్మంద్ ప్రాంతపు పల్లెనుండి ఒక అమ్మాయి రహీలా ముస్కా అనే కలం పేరుతో ఫోను చేసేది. ముస్కా అంటే చిరునవ్వు. కవిత్వం రాస్తున్నదని తెలిసి అన్నలు కొట్టారు. 2010లో ఆమె ఒంటికి నిప్పంటించుకొని మరణించింది. నోటి నుండి నోటికి పోయే లండైకి కర్త పేరు అక్కరలేదు, అదే రక్ష అన్నాను. ఆమె తనదంటూ ఒక పేరు పెట్టుకొని కవితలు చెప్పింది. కలం పేరే అయినా, ఇంట్లో పట్టుబడడానికి అది చాలింది.

2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగి వచ్చింది. ఆ డిసెంబరులో, దగ్గరి బంధువైన మగవాడు వెంట లేకుండా స్త్రీ సుమారు 72 కిలోమీటర్లకు మించి ప్రయాణం చేయరాదన్నారు. 2022 మార్చి 23న ఆడపిల్లల ఉన్నత పాఠశాలలు తెరుస్తామని ప్రకటించి, పిల్లలు సంచులతో వచ్చి కూర్చున్న తరువాత ఇంటికి పంపివేశారు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో హాజరు పిలిచిన నాకు ఆ ఉదయం గురించి చదవడమే కష్టమైంది. అదే సంవత్సరం డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు మూశారు. ఇంట్లో మగవాళ్ళు ఇన్నాళ్ళూ నోటితో చెప్పకుండా నడిపించినదానిని ప్రభుత్వం కాగితంమీద రాసింది. ఇక్కడ వద్దన్నవాడు ఎవడో తెలుసు. తెలిసినా, మా ఊరి తల్లి చేసినట్లు ఒకరి మాట వేరొకరికి మోసే సందు అక్కడ మిగిలిందా అంటే, హెరాత్ కుట్టుబడివంటి చాటు చదువులు మళ్ళీ మొదలైనాయని వార్తలు వస్తున్నాయి.

2024 ఆగస్టులో వచ్చిన చట్టం స్త్రీ గొంతును కూడా దాచవలసిన వస్తువుల జాబితాలో చేర్చింది. నలుగురిలో పాడరాదు, పైకి చదవరాదు. ఆ వారంలోనే ఆఫ్ఘను స్త్రీలు కొందరు తమ గదులలో పాడుతూ వీడియోలు తీసి లోకానికి వదిలారు. కొందరు పరదేశంలో ఉన్నవారు, కొందరు ఆ దేశంలోనే ఉన్నవారు. కొందరి ముఖం మొత్తం నల్లని గుడ్డతో కప్పి ఉన్నది, గొంతు మాత్రం బయట ఉన్నది. మా మనుమడు తన ఫోనులో అటువంటిది ఒకటి చూపించాడు. భాష నాకు తెలియదు. నా వెనుక నిలబడి బియ్యం చెరుగుతున్న మా ఆవిడ చేట ఆపి చివరిదాకా విన్నది. పాట అయిపోయిన తరువాత ఆమె నన్ను ఒకే మాట అడిగింది.

“ఆ పిల్ల పాడుతున్నట్టు వాళ్ళింట్ల తెలుసునా?”